అహోబిలం ఉగ్రస్తంభం: ఒక్కరోజులో ఎక్కి దిగాలనుకునే వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, నంద్యాల, కడప పక్క నుంచి శనివారం రాత్రి బయల్దేరి, ఆదివారం అహోబిలం కొండల మీది బండ శిఖరం ఉగ్రస్తంభం ఎక్కి, సోమవారం పొద్దున డ్యూటీలో ఉండాలనుకునే వాళ్ళ కోసం రాసింది ఇది. నవ నారసింహుల స్థలపురాణం ఇక్కడ వెతకొద్దు, అది చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొండ, అడవి, నడక, ఇంతవరకే.

ఇది గుడికి పోయే దారా, ట్రెక్కింగా?

సగం అది, సగం ఇది. అసలు చిక్కంతా అక్కడే. ఎగువ అహోబిలం గుడి నుంచి జ్వాలా నరసింహస్వామి దాకా భక్తుల దారి. మెట్లుంటాయి, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలుంటాయి, వంక దాటడానికి వంతెనలుంటాయి, నడవలేని పెద్దవాళ్ళను డోలీలో మోసుకుపోయే మనుషులుంటారు. జ్వాలా దారిలో చివరికొచ్చేసరికి ఉగ్రస్తంభానికి బాట చీలుతుంది. అక్కడి నుంచి ఇవేవీ ఉండవు. బండలు, జారే మట్టి, కంప, చెట్ల వేర్లు. "ఇంతదాకా వచ్చాం కదా, ఇంకాస్తే కదా" అని పంచెతో, రబ్బరు చెప్పులతో, చేతిలో అరలీటరు సీసాతో అటు తిరిగేవాళ్ళను ప్రతి ఆదివారం చూడొచ్చు. ఆ ఇంకాస్త అనేదే రోజు మొత్తంలో కష్టమైన ముక్క.

ఎక్కడుంది, ఎట్లా చేరాలి?

2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా, ఆళ్ళగడ్డ మండలం. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద ఆళ్ళగడ్డలో దిగితే అహోబిలానికి ఆర్టీసీ బస్సులు, ఆటోలు దొరుకుతాయి. దిగువ అహోబిలం ఊరు, ఎగువ అహోబిలం కొండ మధ్యలో గుడి. రెంటికీ నడుమ ఎనిమిది కిలోమీటర్ల ఘాటు రోడ్డు. నడక మొదలయ్యేది ఎగువ నుంచి.

రాత్రి బస దిగువలోనే. సత్రాలున్నాయి, టూరిజం వాళ్ళ హరిత హోటలుంది. ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలప్పుడు, స్వాతి నక్షత్రం రోజుల్లో గది దొరకడం కష్టం. దొరికినా మెట్ల మీద జనం వెనక జనం, అడుగు ముందుకు పడదు. నడక కోసమే వచ్చేవాళ్ళు పంచాంగం చూసి ఆ రోజులు వదిలేయండి.

ఏ నెలల్లో పోవాలి?

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి నడిమి దాకా. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, గుడి పక్కన పారే భవనాశిని వంకలో నీళ్ళు ఇంకా ఉంటాయి, ఎండ కూడా ఓర్చుకోగలిగినంతే. మార్చి వచ్చిందంటే ఆకు రాలిపోయి నీడ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాలలో నలభై డిగ్రీలు దాటుతుంది. కొండ మీద చల్లగా ఉంటుందనుకుంటారు కానీ, కిలోమీటరు ఎత్తు ఎక్కితే తగ్గేది ఆరారున్నర డిగ్రీలే, ఈ కొండలు అంత ఎత్తు కూడా లేవు. పైగా నిలువు బండలు పొద్దంతా ఎండ తాగి మధ్యాహ్నానికి మన మీదికే వదులుతాయి. వానాకాలంలో జలపాతాలు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. జ్వాలా దాకా పోయి చూసి రండి, ఉగ్రస్తంభం మాత్రం పెట్టుకోవద్దు.

అటవీ శాఖ అనుమతి కావాలా?

పోయే ముందు రోజు స్థానిక అటవీ సిబ్బందిని కనుక్కోండి. వానలు, నిప్పు భయం, జంతువుల సంచారం, వీటిని బట్టి దారి తెరవడం, మూయడం జరుగుతుంది. వాళ్ళు వద్దంటే వద్దు. ఇక్కడ బతిమాలడాలు, పక్క దారులు పనికిరావు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా చొరబడటం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. దక్షిణ నల్లమల, లంకమల, శేషాచలం ఎర్రచందనం పెరిగే అడవులు కూడా. బాట వదిలి తిరిగే కొత్త ముఖాలను సిబ్బంది ఏ కంటితో చూస్తారో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

మొత్తం ఎంతసేపు పడుతుంది? ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?

ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం పోయి తిరిగి రావడానికి నడకకే ఆరు నుంచి ఎనిమిది గంటలు అనుకోండి, ఆగే టైము దీనికి అదనం. జ్వాలాకు నాలుగు కిలోమీటర్లే అంటారు, ఆ పైన మహా అయితే అంతే అంటారు. కిలోమీటర్లు ఇక్కడ ఏమీ చెప్పవు. 1892లో నెయ్‌స్మిత్ అనే స్కాట్లాండు కొండల మనిషి ఒక లెక్క కట్టాడు: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి ఆరువందల మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది మంచి బాట మీద, చల్లని దేశంలో, గట్టి కాళ్ళ వాళ్ళకు. బండల మీద చేతులూ కాళ్ళూ రెండూ వాడాల్సిన చోట, మన ఎండలో, ఆ లెక్కకు సగం కలిపినా చాలదు.

ఆరు గంటలకు మొదటి మెట్టు మీద కాలు పెట్టాలి. అంటే ఐదుకు దిగువలో బండెక్కాలి. డిసెంబరు, జనవరిలో ఆరున్నర దాటితే గానీ పొద్దు పొడవదు, మొదటి అరగంటకు టార్చి కావాలి. ఎనిమిదిన్నరకు జ్వాలా, పదిన్నర పదకొండుకు పైన, ఇదీ నడిచే లెక్క.

పైకి చేరే టైము కంటే వెనక్కి తిరిగే టైము ముందు అనుకోండి. మా బృందంలో అది పదకొండున్నర. ఆ టైముకు ఎవరు ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే, పది నిమిషాలే అని గైడు చెప్పినా సరే. డిసెంబరు మొదట్లో ఐదు ముప్పావుకే పొద్దు గుంకుతుంది, లోయలో అయితే నాలుగున్నరకే నీడ కమ్ముకుంటుంది. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాళ్ళు ఆడవు. ఊపిరికి రెండు నిమిషాలు కూర్చుంటే తిరిగొస్తుంది, మోకాలు కూర్చుంటే ఇంకా బిగుసుకుంటుంది. అందుకని దిగడానికి ఎక్కినంత టైమూ ఉంచుకోండి. ఈ టైము సంగతి రాత్రే అందరికీ చెప్పి ఒప్పించాలి. కొండ మీద, సగం దారిలో, ఫోటోల ఊపులో ఉన్నవాళ్ళకు చెబితే ఎవడూ వినడు.

ఇంకొకటి. బృందం వేగం అంటే అందరికంటే వెనక నడిచే మనిషి వేగం. ఆ మనిషిని ముందు నడిపించండి.

గైడు తప్పనిసరా? దారి గుర్తులున్నాయంటున్నారు కదా?

జ్వాలా దాకా అక్కర్లేదు, జనమే దారి చూపిస్తారు. ఉగ్రస్తంభానికి కావాలి. బండల మీద అక్కడక్కడా రంగు గుర్తులు కనబడతాయి, కానీ ఎండుటాకు కప్పిన చోట, రెండు మూడు బాటలు కలిసే చోట అవి కరెక్టుగా మాయమవుతాయి. పొద్దున్నే ఎగువ గుడి దగ్గర గైడ్లు కనిపిస్తారు. ఎంత అనేది ముందే మాట్లాడుకోండి, శిఖరం దాకానా జ్వాలా దాకానా అన్నది తేల్చుకోండి, మధ్యలో బేరాలు మర్యాద కాదు. "అన్నా, మేము పదకొండున్నరకు ఎక్కడున్నా తిరిగిపోతాం, డబ్బులు మాత్రం పూర్తిగా ఇస్తాం" అని మొదటే చెప్పండి. అట్లా చెబితే ఎట్లాగైనా పైకి చేర్చాలన్న తొందర ఆయనకూ ఉండదు.

ఈ కొండల్లో పుట్టి పెరిగిన చెంచులు మనకంటే ముందు వినేవి, చూసేవి చాలా ఉంటాయి. గైడు చెయ్యెత్తి ఆగమంటే ఎందుకని అడక్కుండా ఆగండి, ఎందుకన్నది తర్వాత అడగొచ్చు. ఆయన తిండి, నీళ్ళు కూడా మీ లెక్కలోనే వేసుకోండి.

బాట ఎట్లా ఉంటుంది?

మొదట భవనాశిని. గరుడాద్రి, వేదాద్రి అనే రెండు కొండల నడుమ పారే వంక. గుడి దాటగానే గట్టున క్రోడ నరసింహస్వామి, వరాహ నరసింహుడన్నా ఆయనే. అక్కడి నుంచి వంకను పట్టుకొని పైకి పోతూ, గుండ్ల మీదుగా దాటుతూ, మెట్లెక్కుతూ పోవాలి. మెట్లు ఒక కొలత ప్రకారం ఉండవు. కొన్ని జానెడు, కొన్ని మోకాలెత్తు. మాలోల నరసింహస్వామి, ప్రహ్లాద బడి వేరే చీలిక మీద ఉంటాయి. జ్వాలాకు చేరేముందు కొండ అంచున పోయే దారి మీద వానాకాలంలో పైనుంచి నీళ్ళు జల్లులా పడతాయి. రక్తకుండం అనే నీటిగుండం ఆ పక్కనే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి కొండను చూడండి. నిలువుగా కోసినట్టుండే గోధుమ, ఎరుపు బండ గట్టిది, క్వార్ట్జైటు. దాని కింద, నడుమ వచ్చే పలకరాయి మెత్తది. వంద కోట్ల ఏళ్ళకు పైబడ్డ రాళ్ళు ఇవి, కడప శిలలని భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో పేరు. కిందనున్న మెత్తరాయి వానకు కరిగి పోతుంటే పైనున్న గట్టిరాయి ఆధారం లేక పలకలుగా విరిగి పడుతుంది. కొండ అంచులు అంత నిటారుగా ఉండటానికీ, మీ కాలికింద గుండ్లు అట్లా పడి ఉండటానికీ కారణం ఒకటే. నడిచేవాళ్ళకు దీనిలో పనికొచ్చే ముక్క: పెద్ద గుండు నమ్మదగ్గది, దాని పక్కన పరుచుకున్న పలకముక్కలు నమ్మకూడనివి. తడిసిన పలకముక్క మీద కాలేస్తే సబ్బుబిళ్ళ మీద వేసినట్టే. చేత్తో పట్టుకునే రాయిని ముందు కదిపి చూసి, తర్వాత బరువు వేయండి. ముందు మనిషి కాలికింద రాయి కదిలితే వెనక మనిషి తలకు తగులుతుంది, నిటారు చోట్ల ఒకరు పూర్తిగా ఎక్కాకే ఇంకొకరు మొదలుపెట్టాలి.

ఉగ్రస్తంభం చీలిక దాటాక బాట నిలువుగా లేస్తుంది. అడవి సన్నబడి, గాలి మొదలవుతుంది. కొండ వీపు మీదికి వచ్చాక రెండు పక్కలా లోయ కనిపిస్తుంది. ఎత్తు అంటే కళ్ళు తిరిగే వాళ్ళు ఈ భాగంలో కింద చూడకుండా ముందు మనిషి మడమల మీద చూపు పెట్టి నడవండి. చివరి బండ దగ్గర ఇరుకు. ఒకరి తర్వాత ఒకరే.

పైన ఏముంటుంది?

స్వామి ఆవిర్భవించిన స్తంభంగా చెప్పే చీలిన బండ, పాదాలు, గాలికి చిరుగుపట్టిన జెండాలు, చుట్టూ నల్లమల. నీళ్ళు లేవు, నీడ లేదు, పట్టుమని పదిమంది నిలబడే చోటు లేదు. అంచున నిలబడి సెల్ఫీ వద్దు, కూర్చొని తీసుకోండి. గాలి ఉన్నట్టుండి తోస్తుంది. వెనక బృందం కింద ఎదురుచూస్తుంటే పావుగంటలో దిగిపోవడం మర్యాద.

నీళ్ళు ఎన్ని మోయాలి?

మనిషికి మూడు లీటర్లు, ఫిబ్రవరి దాటితే నాలుగు. బరువంటారు. నిజమే, మూడు లీటర్లంటే మూడు కిలోలు. కానీ ఆ బరువు గంటగంటకూ తగ్గేదే కదా. వంక నీళ్ళు తేటగా కనిపించినా తాగొద్దు, పైన జంతువులు దిగుతాయి, మనుషులు స్నానాలు చేస్తారు. ముఖం కడుక్కోండి, తువ్వాలు తడిపి మెడ మీద వేసుకోండి.

ఉత్త నీళ్ళే తాగుతూ చెమటలు కక్కితే ఒంట్లో ఉప్పు పడిపోయి పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు వేసుకోండి. లేదంటే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు ఇంట్లోనే కలిపి తెచ్చుకోండి. సగం నీళ్ళు అయిపోయినప్పుడు ఇంకా ఎక్కుతూనే ఉంటే, గడియారం ఏం చెప్పినా సరే, అదే వెనక్కి తిరిగే టైము.

తిండి?

చింతపండు పులిహోర సాయంత్రం దాకా చెడదు. జొన్నరొట్టె, చెనక్కాయల పొడి ఇంకా మేలు, ఒక చేత్తో తినొచ్చు. బెల్లం అచ్చులు, చెనక్కాయలు, బొరుగులు జేబులో. ఉగ్గాని బజ్జీ దిగాక తినండి, ఎక్కేముందు వద్దు. ఎగువ గుడి దగ్గర కోతులు మహా చురుకు, కవరు చప్పుడైతే చాలు మీదికొస్తాయి. తినేవేవీ చేతిలో, కవర్లలో వేలాడదీసుకోకుండా బ్యాగు లోపల పెట్టి జిప్పు వేయండి. లాక్కున్నదాన్ని తిరిగి లాగబోయి కరిపించుకోవద్దు.

చెప్పుల్లేకుండా నడుస్తామని మొక్కుకున్నాం, నడవొచ్చా?

జ్వాలా దాకా చాలామంది వట్టికాళ్ళతోనే పోతారు, అలవాటున్న కాళ్ళైతే ఇబ్బంది లేదు. ఆ పైన బూట్లే. బ్యాగులో వేసుకొని రండి, గుడి ముందు విడిచి, దాటాక తొడుక్కోండి. కొత్త బూట్లు ఆ రోజే తొడిగితే బొబ్బలు ఖాయం. అరిగిన క్రీడల బూట్ల కంటే అడుగున గాట్లు లోతుగా ఉన్న మామూలు బూట్లు మంచివి. కింద పిల్లలు కర్రలు ఇస్తారు, ఒకటి తీసుకోండి. దాని విలువ దిగేటప్పుడు తెలుస్తుంది.

పులులుంటాయా? ఎలుగుబంట్లు?

ఉంటాయి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం నుంచి లంకమల, శేషాచలం వైపు పులులు నడిచే దారి ఈ దక్షిణ నల్లమలే. కానీ పగటిపూట, మాటలాడుకుంటూ పోయే బృందానికి పులి కనిపించడం అరుదు. అది మనకంటే ముందే తప్పుకుంటుంది.

జాగ్రత్త పడాల్సింది ఎలుగుతో. చెదపుట్ట తవ్వుకుంటూనో, రాలిన పండ్లు తింటూనో తల వంచుకొని ఉంటే మనం దగ్గరికొచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం మసకలో, కొండచరియ గుహల దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ. బాట పక్కన పుట్టలు తాజాగా తవ్వి ఉంటే, మట్టి ఇంకా తడిగా ఉంటే, కర్రతో బండను కొడుతూ, గట్టిగా మాట్లాడుతూ పోండి. కనిపిస్తే పరిగెత్తొద్దు, చెట్టెక్కొద్దు, అది మనకంటే బాగా ఎక్కుతుంది. అందరూ ఒక్కచోట చేరి మెల్లగా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకొని మెడ, తల రెండు చేతులతో కాపాడుకోవడమే. పాటలు పెట్టుకొని చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నడిచేవాళ్ళను గైడు ముందే ఆపాలి.

తేనెటీగల సంగతి?

నిలువు బండల కింద వేలాడే పెద్ద తేనెతుట్టెలు దూరం నుంచే నల్లగా కనిపిస్తాయి. సెంటు పూసుకోవద్దు, బీడీ సిగరెట్టు కాల్చొద్దు, రాళ్ళు విసరొద్దు. ఒకటి కుట్టిందంటే ఆ చోటు నుంచి వచ్చే వాసనకు మిగతావి ఎగబడతాయి. అక్కడే నిలబడి చేతులు ఊపకుండా, ముఖం తువ్వాలుతో కప్పుకొని, వీలైనంత దూరం పోవాలి. అయితే అంచు ఎటుందో చూసుకొని. ముల్లును గోటితో గీకి తీయండి. ఒకేసారి చాలా కుట్టినా, ఊపిరి బిగుస్తున్నా వెంటనే ఆస్పత్రికే.

పాము కరిస్తే?

కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ వద్దు. మనిషిని నడిపించొద్దు. కరిచిన చేతినో కాలినో కర్రతో కదలకుండా కట్టి, మోసుకొని దించాలి. డోలీ మోసే వాళ్ళుండేది ఇందుకు కూడా. ఆళ్ళగడ్డ ప్రభుత్వాసుపత్రి, అక్కడ కుదరకపోతే నంద్యాల. 108కి సిగ్నల్ దొరికిన మొదటి చోటనే ఫోన్ చేయండి, కిందికి వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంటుంది. పామును చంపి తేనక్కర్లేదు. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే.

ఒంటికి దురదలు వస్తాయంటున్నారు?

దురదగొండి. సంక్రాంతి తర్వాత ఎండిన కాయల మీది నూగు గాలికే రాలుతుంది. గోకితే పాకుతుంది. పేడనో మట్టినో మెత్తి ఆరాక దులిపేస్తారు ఇక్కడివాళ్ళు, మీ దగ్గర అంటుకునే టేపు ఉంటే దాన్ని అద్ది పీకినా సరే. పొడుగు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు వేసుకుంటే ఇదీ, పరికికంప గీతలూ, పిడుదులూ అన్నీ తగ్గుతాయి.

పిల్లలను, అమ్మానాన్నలను తీసుకుపోవచ్చా?

జ్వాలా, మాలోల దాకా తీసుకుపోండి. అమ్మకు మోకాళ్ళ నొప్పులుంటే మొహమాటపడక డోలీ మాట్లాడండి. ఉగ్రస్తంభానికి పన్నెండేళ్ళ లోపు పిల్లలు వద్దన్నది నా అభిప్రాయం. గుండెజబ్బు, ఆయాసం, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వద్దు. వయసు ఒక్కటే కొలత కాదు. నెల ముందు నుంచి కర్నూలు వాళ్ళు జగన్నాథగట్టు, కడప వాళ్ళు పాలకొండల దారి, వీపున మూడు కిలోల బ్యాగుతో వారానికి రెండుసార్లు ఎక్కి దిగి చూసుకోండి. మర్నాడు మెట్లు దిగలేకపోతే ఇంకో నెల ఆగండి.

పైన ఉన్నప్పుడు వాన మొదలైతే?

పైన నాలుగు చినుకులంటే కింద వంకలో గంటలోనే మోకాలి లోతు నీళ్ళు. నీళ్ళు బురదరంగుకు తిరిగినా, కొట్టుకొచ్చే ఆకులూ పుల్లలూ ఎక్కువైనా దాటొద్దు. గట్టున ఎత్తైన చోట కూర్చోండి. కొండ వంక ఎంత వేగంగా వస్తుందో అంత వేగంగా పోతుంది, రెండు మూడు గంటల ఓపిక ప్రాణం కంటే ఎక్కువేమీ కాదు. ఉరుములు వినబడితే కొండ వీపు మీద, జెండా కర్ర దగ్గర, ఒంటరి చెట్టు కింద ఉండొద్దు.

ఫోను పనిచేస్తుందా?

నమ్మొద్దు. కిందున్న ఎవరికైనా, లాడ్జిలోనో ఇంట్లోనో, "నాలుగింటికి ఫోన్ రాకపోతే కనుక్కోండి" అని చెప్పి బయల్దేరండి. దారి తప్పామనిపిస్తే దిగువకు దారి ఉంటుందిలే అని వంక పట్టుకొని దిగొద్దు, వంకలు జలపాతాల దగ్గర తేలతాయి. చివరిగా గుర్తు చూసిన చోటికి వెనక్కి పోండి. అందరి దగ్గరా ఈల ఉంటే మంచిది, మూడు ఈలలు ఊదితే ఆపదని గుర్తు.

అదే రోజు పావన నరసింహస్వామిని కూడా చూడొచ్చా?

చూడొచ్చు అనేవాళ్ళున్నారు. వద్దు. అది అడవిలో ఇంకో పక్క, నడిచినా జీపులో పోయినా సగం రోజు తినేస్తుంది. శని, ఆది రెండూ ఉంటే శనివారం పావన, భార్గవ నరసింహుల గుళ్ళు పెట్టుకోండి, కాళ్ళకు అలవాటూ అవుతుంది.

రాత్రి పైనే పడుకోవచ్చా? మంట వేసుకోవచ్చా?

రెండూ కుదరవు. ఫిబ్రవరి నుంచి బోద గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ప్లాస్టిక్ సీసాలు?

తీసుకుపోయినవన్నీ తిరిగి తేవాలి. ఖాళీ సీసా నలిపితే బరువుండదు, అందుకని సాకు లేదు. నారింజ తొక్కలు, అరటి తొక్కలు కూడా బ్యాగులోకే. వాటికి మరిగిన కోతులు, ఎలుగులు తర్వాత వచ్చే వాళ్ళ బ్యాగుల మీద పడతాయి.